పది వారాల కట్టె

మిమూన్ తాత మొండివాడని అనేవాళ్లు మా ఊళ్లో బోలెడుమంది. అననివ్వండి. ఇరవై మూడేళ్లు ఆయన తెచ్చిన కట్టెలతో వండినదాన్ని నేను. కాఫీ దుకాణం ముందు కూచుని మీసాలు దువ్వుకునేవాళ్లకు ఆయన సంగతి ఏం తెలుసు?

నా పేరు యమ్నా. అట్లాస్ కొండల్లో, దేవదారు అడవి దిగువన ఉన్న మా ఊరి ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిని. పైన గొర్రెలు కాసుకునే పల్లెల నుంచి వచ్చిన ముప్ఫై ఇద్దరు పిల్లలు ఇక్కడ ఉండి బడికి పోతారు. వాళ్లు పడుకునే గదికి ఒకటే ఇనప పొయ్యి. అది మండితే హాస్టల్ ఉన్నట్టు, మండకపోతే లేనట్టు. డిసెంబరు వచ్చిందంటే మా దగ్గర బిందెలో నీళ్లు ఇంట్లోనే గడ్డకడతాయి.

ఆ పొయ్యికి కట్టెలు తెచ్చేవాడు మిమూన్ తాత. ఓక్ చెట్టు కొట్టి, పేళ్లు చీల్చి, రెండు ఎండాకాలాలు ఎండనిచ్చి గానీ అమ్మేవాడు కాదు. ఒకసారి పెళ్లివాళ్లెవరో వచ్చి, పచ్చివైనా సరే, వారంలో వంటలున్నాయి, ఇవ్వమని కాళ్లావేళ్లా పడ్డారు. ఆయన కదిలితేగా! "పెళ్లి వచ్చే ఏడు పెట్టుకోండి, కట్టె సిద్ధంగా ఉంటుంది" అని పంపించేశాడు. పెళ్లికొడుకు తండ్రి ఇప్పటికీ ఆయన్ని చూస్తే మొహం తిప్పుకుంటాడు.

అలాంటి మనిషి ఎండీ ఎండని కట్టె అమ్మాడు. అదే చెప్పబోతున్నాను.

మొన్నటి చలికాలానికి ముందటి చలికాలం, పందొమ్మిది రోజులు దారి మూసుకుపోయేంత మంచు పడింది. గ్యాసు లారీ రాలేదు. ఎవరి ఇంట్లో కట్టెలు వాళ్లకు నాలుగు రోజుల్లో అయిపోయాయి. మిమూన్ తాత తన దొడ్డి తలుపు తీసి బార్లా వదిలేశాడు. ముందు ఆ ఏటి కట్టె పోయింది, తర్వాత మరుసటేటికని పేర్చుకున్నదీ పోయింది. "నీకంటూ నాలుగు ఉంచుకో తాతా" అన్నాను. "ఊళ్లో బాలింతలున్నారు. నేను దాచుకుని ఏం చేసుకోను, గోతిలో నాతోపాటు పెట్టించుకోనా?" అని నామీదే అరిచాడు. మంచు కరిగేసరికి ఆ దొడ్లో బెరడు ముక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత అడవిలో చెట్లు కొట్టుకోవడానికి అనుమతి వచ్చేసరికి సెప్టెంబరు సగం గడిచింది. మంచు పడడానికి పది వారాలు. రెండు ఎండాకాలాల పని పది వారాల్లో కావాలి.

కాకపోతే ఏమవుతుందంటే, తూదా చదువు పోతుంది.

తూదా మిమూన్ తాత కూతురి కూతురు. తల్లి లేదు. తాత ఇంట్లో ఆడదిక్కు లేదని హాస్టల్లో ఉంచారు. పదమూడేళ్ల పిల్ల, లెక్కల్లో గట్టిది, నోరు మరీ గట్టిది. ఆ పందొమ్మిది రోజుల మంచులో హాస్టల్ మూసి పిల్లల్ని ఇళ్లకు పంపినప్పుడు దాని తండ్రి అస్సూ మోకాలి లోతు మంచులో కంచరగాడిదను లాక్కుంటూ వచ్చి పిల్లను తీసుకుపోయాడు. మళ్లీ పంపడానికి మామ ఎంత బతిమాలాల్సి వచ్చిందో నాకు తెలుసు. సెప్టెంబరులో దింపిపోతూ మా వంటింటి గడప దగ్గరే తేల్చి చెప్పాడు.

"మామా, ఇదే ఆఖరు. చలి అనో, పొగ అనో, ఇంకొక్కసారి ఇంటికి పంపించారో, మళ్లీ తీసుకురాను. నాకు నూట నలభై గొర్రెలు. వాటన్నిటికీ నాలుగేసి కాళ్లు, నాకు రెండు."

"పంపించరు" అన్నాడు మిమూన్ తాత.

"నీ మాట మీద వదిలిపోతున్నా."

హాస్టల్ పెద్ద లల్లా నజాత్. మక్నాస్ పట్నం నుంచి వచ్చిన చదువుకున్న మనిషి, మంచిదే, కానీ కట్టెకూ కర్రకూ తేడా తెలియదు. ఆమెకు పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నవంబరు ఆఖరుకు చలికాలం మొత్తానికి సరిపడా ఎండుకట్టె దొడ్లో ఉండాలి, లేకపోతే డిసెంబరులో హాస్టల్ తెరవకూడదు. ఊళ్లో ఇంకెవరి దగ్గరైనా ఎండుకట్టె ఉందా అంటే, ఎక్కడుంటుంది? ఆ మంచులో అందరం కలిసి కాల్చేశాంగా.

మిమూన్ తాత మొదట చేసిన పని చూసి నేను నవ్వాను. చెట్లు పడగొట్టి, కొమ్మలు నరక్కుండా, ఆకులతో సహా రెండు వారాలు వదిలేశాడు. "ఆకులకు చెట్టు చచ్చిన సంగతి తెలీదు. ఇంకా నీళ్లు లాగుతూనే ఉంటాయి. మా నాన్న చెప్పాడు" అన్నాడు. నిజమేనేమో, ఆకులు వాడాక కట్టె కాస్త తేలికైంది. తర్వాత ఎప్పుడూ చీల్చనంత సన్నంగా, మణికట్టు లావున పేళ్లు చీల్చాడు. బెరడంతా ఒలిచాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, చేతులు బొబ్బలెక్కిపోయాయి. మిద్దె మీద అడ్డం నిలువు పేర్చి గాలి ఆడనిచ్చాడు.

అక్టోబరంతా వాన. ఇంత పాడు అక్టోబరు నేను చూడలేదు. ఎండ వస్తే పట్టా తీసేవాడు, చినుకు పడితే కప్పేవాడు. నేను రోజూ చూసేదాన్ని, ఒక పూటలో ఎనిమిదిసార్లు ఆ నిచ్చెన ఎక్కి దిగిన రోజు కూడా ఉంది. ఆకాశాన్ని ఏమీ అనకూడదని పెద్దవాళ్లు చెబుతారు గానీ, నేను మాత్రం వంటింట్లో తలుపేసుకుని బాగానే తిట్టాను.

నవంబరు వచ్చేసరికి ఆయనకు భయం పట్టుకుంది. ఊరందరూ స్నానాలు చేసే హమ్మాంలో, నీళ్లు కాచే కొలిమి గదిని బతిమాలి తీసుకుని, గోడ వెంబడి పేర్చాడు. అక్కడ సగమే పట్టింది. మిగిలింది ఇద్రీస్ రొట్టెల భట్టీకి మోశాడు. సాయంత్రం ఊరందరి రొట్టెలూ కాలి బయటికొచ్చాక, చల్లారేలోపు ఆ వేడిలో పేళ్లు తోసి తలుపు మూయడం. మూడు వారాలు అలా చేశారు. రొట్టెలకు చేదు వాసన పట్టిందని ఆడవాళ్లు ఇద్రీస్ మీద పడ్డారు.

"నామీద పడతారేంటమ్మా, పోయినేడు ఆ ముసలాయన కట్టెలు మీ పొయ్యిల్లో కాలినప్పుడు వాసన బాగుందా?" అని ఇద్రీస్ అడిగాడు. రెండు రోజులు తిన్నారు, మూడోరోజు మళ్లీ తిట్టారు.

నవంబరు ఇరవై ఎనిమిదిన కట్టె వచ్చింది. చూడ్డానికి ఎంత బాగుందో! బూడిదరంగు తిరిగి, చివర్లు నక్షత్రంలా పగిలి, అచ్చం రెండేళ్ల కట్టెలా ఉంది. లల్లా నజాత్ సంతకం పెట్టే కాగితం పట్టుకుని, "యమ్నా, నువ్వు చూసి చెప్పు" అంది. ఎప్పుడూ నేనే చెప్పేది. రెండు పేళ్లు తీసి ఒకదానితో ఒకటి కొట్టాను, ఎండిన కట్టెయితే మోగుతుంది. ఠంగుమంది. ఇంకో రెండు, అవీ ఠంగుమన్నాయి. నా ప్రాణం లేచివచ్చింది. అప్పుడు బండిలోంచి దించేటప్పుడు నిలువునా చీలిన పేడు ఒకటి కంటబడింది. తీసి, లోపలి వైపు చెంపకు ఆనించుకున్నాను.

చల్లగా, తడిగా ఉంది. భట్టీ వేడి పైన పెంకు కట్టించింది, అంతే. పెంకు మోగుతోంది, లోపల చెట్టు చెట్టులాగే ఉంది.

మిమూన్ తాత నావైపు చూడలేదు, కంచరగాడిద జీను సర్దుతున్నాడు. పైన కిటికీలోంచి తూదా చూస్తోంది. ఆ పేడును కుప్ప మీద పడేసి "ఎండింది" అన్నాను. జీవితంలో చాలా అబద్ధాలాడాను, ఆడని ఆడది ఎవరు? కానీ నా పని విషయంలో అబద్ధమాడింది అదొక్కటే.

గేటు దగ్గర ఆయన అడిగాడు. "తెలిసిందా?"

"తెలీకపోతే నేనేం వంటదాన్ని?"

"మంచు కాస్త ఆలస్యమైతే..."

"ఈ కొండల్లో మంచు నీ మాట ఎప్పుడు విన్నది తాతా?"

డిసెంబరు నాలుగున పడింది.

పచ్చికట్టె పొయ్యిలో ఎలా ఉంటుందో తెలియనివాళ్లు అదృష్టవంతులు. ముందు బుసకొడుతుంది. చివర్లోంచి నురగ కారుతుంది. తర్వాత పొగ, కళ్లు పీకేసే పుల్లటి పొగ. గొట్టం అతుకుల్లోంచి నల్లటి జిగురు కారి పిల్లల దుప్పట్ల మీద పడేది. ఎంత ఉతికినా పోలేదు. పిల్లలు మొదట్లో నవ్వులాటగా తీసుకున్నారు. "యమ్నా అక్కా, ఇవాళ పొయ్యికి జలుబు చేసింది, కాస్త వేడి హరీరా చారు పోద్దామా?" అనేది తూదా. వారం తిరిగేసరికి ఎవరికీ నవ్వే ఓపిక లేదు, అందరికీ దగ్గే.

మిమూన్ తాత పొద్దున్నే వచ్చి పొయ్యి పక్కన కూచునేవాడు. రేపటి కట్టెను ఇవాళ్టి పొయ్యి చుట్టూ పేర్చి, గంటకోసారి తిప్పేవాడు. కట్టె కొంచెం ఎండేది. కానీ పిల్లలకు రావలసిన వేడి ఆ కట్టెలే తాగేసేవి. తీసేద్దామంటే రేపు మండదు, ఉంచుదామంటే ఇవాళ చలి. ఆయనా నేనూ ఆ పొయ్యికి చెరోవైపు నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం.

జనవరి వచ్చాక ఒకరోజు కంచరగాడిద మీద తన ఇంటి పశువుల తొట్టి చెక్కపలకలు వేసుకొచ్చాడు. మర్నాడు నాగలి. ఆ తర్వాత మంచం కోళ్లు.

"నేల మీద పడుకుంటావా ఈ చలిలో? నీకు మతి పోయిందా?" అని అరిచాను.

"ఆ మంచం నలభై ఏళ్లుగా ఎండుతోంది యమ్నా. ఇంతకంటే ఎండిన కట్టె నా దగ్గర లేదు."

ఏం అనను? తీసుకుని పొయ్యిలో పెట్టాను. ఆ మూడు రోజులు గది వెచ్చగా ఉంది, పిల్లలు చేతులు చాపి హాయిగా నిద్రపోయారు. నాలుగో రోజు మళ్లీ పొగ.

ఆ నాలుగో రోజే పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, బయటి మంచుగాలి లోపల తిరుగుతోంది, పిల్లలు ముక్కులకు గుడ్డలు కట్టుకుని లెక్కలు చేస్తున్నారు. ఆయనా ఒక నిమిషం దగ్గాడు. "ఈ కట్టె ఎండిందని చెప్పిందెవరు?" అన్నాడు.

"నేనే" అన్నాను. "నన్ను పనిలోంచి తీసేయండి బాబూ, గది మాత్రం మూయకండి."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "అమ్మా, నిన్ను తీసేస్తే పొగ పోతుందా?" అన్నాడు. మార్చి దాకా హాస్టల్ మూయమని రాశాడు. తప్పు రాశాడని నేనెలా అనగలను?

తండ్రులు ఒక్కొక్కరే వచ్చి పిల్లల్ని తీసుకుపోయారు. అస్సూ రెండో రోజు వచ్చాడు. మిమూన్ తాత గేటుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆరు వారాలు అల్లుడూ. ఆరు వారాల్లో ఆ కట్టె నేనే ఎండబెడతాను. అందాకా నా ఇంట్లో ఉంచు పిల్లని."

"నీ ఇంట్లో మంచం కూడా లేదంట కదా మామా. కాల్చేశావంట."

ముసలాయన గేటు వదిలి పక్కకు జరిగాడు.

"నేను నిన్ను తప్పుపట్టట్లేదు" అన్నాడు అస్సూ. గొంతు మెత్తగానే ఉంది. "నీకు చేతనైంది చేశావు. కానీ నా గొర్రెలు ఆరు వారాలు ఆగవు. ఈనే రోజులు దగ్గరపడ్డాయి. ఒక్కణ్ణి, ఏం చెయ్యను?"

అతన్ని తిడదామని నోటిదాకా వచ్చింది. కానీ తన ఉన్ని అంగీ విప్పి పిల్లకు చుట్టి, తను పలచటి చొక్కాతో నిలబడ్డాడు. అలాంటివాణ్ణి ఏమని తిట్టేది? తూదా పుస్తకాలు గోనెసంచిలో వేసుకుంది. కంచరగాడిద ఎక్కాక తాతను పిలిచి, "నువ్వు ఆ పొగలోకి ఇంక పోకు. నీ దగ్గు బాగాలేదు" అంది. ఆయన తలూపాడు. వాళ్లు మలుపు తిరిగేదాకా తలూపుతూనే ఉన్నాడు.

మార్చిలో హాస్టల్ తెరిచారు. ముప్ఫై ఇద్దరిలో ఇరవై ఆరుగురు వచ్చారు. మిమూన్ తాత కొండ మీదికి మూడుసార్లు వెళ్లాడు. మొదటిసారి గొర్రెలు ఈనుతున్నాయన్నారు. రెండోసారి ఉన్ని కత్తిరింపులన్నారు. మూడోసారి అసలు గుడారాలే అక్కడ లేవు, పైమేతకు తరలిపోయారు.

సెప్టెంబరులో బడి తెరిచిన రోజు పిల్లలంతా వాకిట్లో వరసగా నిలబడ్డారు. నేను మెట్ల మీద కూచుని క్యారెట్లు చెక్కు తీస్తున్నాను. మిమూన్ తాత ఓ మూల కట్టెలు దించుతున్నాడు, నిరుటి సన్న పేళ్లే, ఈసారి ఎండాకాలమంతా ఎండినవి. లల్లా నజాత్ పాత జాబితా పట్టుకుని పేర్లు పిలుస్తోంది. "తూదా, అస్సూ కూతురు" అంది.

ఎవరూ పలకలేదు.

"వస్తుంది!" అని కట్టెల కుప్ప దగ్గర నుంచి మిమూన్ తాత గట్టిగా అరిచాడు. చిన్నపిల్లలిద్దరు కిసుక్కున నవ్వారు.

లల్లా నజాత్ కలం పట్టుకుని నావైపు చూసింది, ఏం రాయమంటావన్నట్టు. అవునని ఒక్కమాట నేనంటే ఆ పేరు ఉంచేది. ఈసారి అబద్ధమాడటానికి నాకు నోరు రాలేదు. తలవంచుకుని క్యారెట్లు చెక్కు తీస్తూ కూచున్నాను. ఆమె ఆ పేరు కొట్టేసి తర్వాతి పేరు పిలిచింది.