సొట్టలమ్మ కోరుకున్న తిట్టు

కమ్మరికీ కంచరికీ ఒక్క అక్షరమే తేడా అనేవాళ్ళుంటారు. వాళ్ళని తీసుకొచ్చి ఆ రేకుల షెడ్డులో ఒక్క పూట కూర్చోబెట్టాలి. ఆ ఒక్క అక్షరం మీద పొద్దున్నించి సాయంత్రం దాకా ఎంత రభస జరుగుతుందో చూసి, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని మరీ పారిపోతారు.

మొగుడు కమ్మరి. గునపాలు, పారలు, గేట్లు, తలుపు మడతబందులు ఆయనవి. పెళ్ళాం కంచరి. రాగిదైనా ఇత్తడిదైనా, కిందపడి మూతి వంకరపోయిన ప్రతి గిన్నే ఆవిడ ఒళ్ళోకి రావలసిందే. అందుకే వీధి మొత్తానికీ ఆవిడ సొట్టలమ్మ. వెనకాల కాదు, మొహం మీదే అంటారు. ఆవిడకు ఎలాగూ సగం వినపడదు. చిన్నప్పట్నించీ రాగి మీద సుత్తి మోత విన్న చెవులు మరి, ఎన్నాళ్ళని ఓర్చుకుంటాయి? కుడి చెవి ఎప్పుడో సెలవు పుచ్చుకుంది. ఎడమది దానికి బుద్ధి పుట్టినప్పుడు పని చేస్తుంది.

షెడ్డు మధ్యలో ఒక కొలిమి, దాని పక్కన ఒక నీళ్ళ తొట్టి. రెండూ ఉమ్మడి. తగువంతా ఆ తొట్టి దగ్గరే. ఆయన ఉక్కును ఎర్రగా కాల్చి అందులో ముంచితే రాయిలా గట్టిపడి వస్తుంది. ఆవిడ రాగిని ఎర్రగా కాల్చి అవే నీళ్ళలో ముంచితే చెప్పినట్టు వినేంత మెత్తగా వస్తుంది. "నీళ్ళు పడితే ఏదైనా గట్టిపడుతుంది" అని ఆయన. "నీ మొహం, మెత్తబడుతుంది" అని ఆవిడ. ఇద్దరూ కళ్ళారా చూసిందే చెబుతున్నారు, ఇద్దరూ ఎదుటివాళ్ళకి మతి లేదనుకుంటున్నారు. కాపురం నిలబడ్డానికి ఇంతకన్నా ఏం కావాలి?

పెళ్ళయిన మర్నాడే దీనికి నాంది జరిగింది. కొత్త పెళ్ళానికి సాయం చేద్దామని ఆయనకు సరదా పుట్టింది. కొలిమిలో ఒక రాగి కడ్డీ ఉంది, ఒక కొస ఎర్రగా కాలుతోంది. ఇనప కడ్డీ అయితే రెండో కొస చేత్తో పట్టుకుని తీసేస్తాడు. ఊహ తెలిసినప్పట్నించీ అలాగే తీశాడు. రాగికి ఆ మర్యాదలు తెలీవు. ఈ కొసకు అంటిన వేడిని ఆ కొసకు చేరవేసి తీరిగ్గా కూర్చుంటుంది. అరచెయ్యి పట్టుకుని ఆయన వేసిన గెంతులు ఆవిడ ఇప్పటికీ వేసి చూపిస్తుంది. ఇనుముతో కూడిన అగ్నికి సమ్మెటపోట్లు అంటారు. రాగితో కూడిన కమ్మరికి బొబ్బలు. ఆ తర్వాత ఆయన రాగి జోలికి పోలేదు.

ఇదంతా నవ్వులాటే. సొట్టలమ్మకు నవ్వులాట కానిది ఒకటుంది. ఆయన కూతురు.

మొదటి భార్య పోయాక, పిల్ల హైస్కూల్లో ఉండగా, సొట్టలమ్మ ఆ ఇంట్లో అడుగుపెట్టింది. పిల్ల గుమ్మంలో నిలబడి కొత్తావిణ్ణి ఎగాదిగా చూసి, "సొట్టలు తీసేది నువ్వేనా?" అంది. ఎంత ముద్దుగా అడిగిందో! "నేనేనే, నీ నెత్తిన ఏమన్నా ఉన్నాయా?" అని సొట్టలమ్మ అనబోతోంది. ఇంతలో మధ్యలో దూరాడు మహానుభావుడు. "నువ్వేంటి నువ్వు? పెద్దావిణ్ణి మీరు అనాలి!" అని కసిరాడు. అప్పటికే తల్లిపోయిన దుఃఖంతో ఉడుకుతున్న పిల్ల మీద బిందెడు నీళ్ళు కుమ్మరించినట్టయింది. ఇంకేముంది, ఆయన చేతి ఉక్కు లాగే బిగుసుకుపోయింది. ఆ రోజు నుంచీ అన్నీ మీరులే. "మీరు తిన్నారా అండీ." "మీకు జ్వరం తగ్గిందా అండీ." పిల్ల పెరిగింది, చదివింది, కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు కూడా అయింది. ఆ అండీ మాత్రం అరగలేదు.

మీరు అనేది ఇంటి ఓనరును అంటారు, బ్యాంకు మేనేజరును అంటారు, దారి అడిగిన పరాయివాణ్ణి అంటారు. అమ్మను ఎవరంటారు? ఆకలేసినా నువ్వే, కోపమొచ్చినా నువ్వే, పొద్దున్నే సాక్సు కనపడకపోయినా తప్పు నువ్వే. ఆ పిల్ల నోట ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నువ్వు అనిపించుకోవాలని సొట్టలమ్మకు ప్రాణం కొట్టుకుంటుంది. ప్రేమగా పిలవమని నోరు తెరిచి అడగడం ఆవిడ వల్ల కాదు. తిట్టించుకోవడం అయితే చిటికెలో పని అనుకుంది.

అనుకోవడం వరకే. పిల్ల ఇస్త్రీ చేసి పెట్టుకున్న తువ్వాలుతో మసి గిన్నె తుడిచింది. "పర్లేదండీ, ఉతుక్కుంటాను." కూరలో ఉప్పు వేసి, మర్చిపోయినట్టు మళ్ళీ వేసింది. "కొంచెం ఎక్కువైనట్టుందండీ" అంటూ చెంబుల కొద్దీ నీళ్ళు తాగి మరీ కంచం ఖాళీ చేసింది. దిద్దాల్సిన పరీక్ష పేపర్ల మీద టీ గ్లాసు పెట్టింది. పిల్ల ఆ గ్లాసు తీసి పక్కన పెట్టి, మరక పడ్డ పేపరు వాడెవడో అదృష్టవంతుడు, వాడికి రెండు మార్కులు ఎక్కువేసి ఊరుకుంది. "ఓరి దేవుడో, ఇది పిల్లా, పోస్టాఫీసు కౌంటరా!" అని సొట్టలమ్మ తల పట్టుకుంది.

ఒక సాయంత్రం పిల్ల షెడ్డులోకి వచ్చి, "ఒక రాగి ముక్క ఇస్తారా అండీ, రేపు క్లాసులో చూపించాలి" అంది. చేతిలో రాళ్ళుప్పు పలుకొకటి ఉంది. అక్కడే చేసి చూసుకుంది. ఉప్పు పలుకు మీద సుత్తి వేస్తే పొడుంపొడుం అయింది. రాగి మీద వేస్తే సాగి పలచబడింది.

"ఇందులో వింతేముందే? నా బతుకంతా ఇదేగా" అంది సొట్టలమ్మ.

"వింత లోపలుందండీ. ఉప్పులో ప్లస్సు పక్కన మైనస్సు, ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుంటారు. దెబ్బకు ఒక వరస పక్కకి జరిగితే ప్లస్సుకెదురుగా ప్లస్సు వస్తుంది. ఒకళ్ళ మొహం ఒకళ్ళకు పడదు, విడిపోతారు. లోహంలో అలాకాదు. ప్రతి అణువూ తన బయటి ఎలక్ట్రాన్లను ఉమ్మడికి వదిలేస్తుంది. అవి ఎవరి సొంతమూ కావు, అందరి మధ్యా తిరుగుతుంటాయి. వరసలు ఎంత జరిగినా ఆ ఉమ్మడి పట్టు వదలదు. అందుకే పగలకుండా సాగుతుంది. కరెంటు పాకేది వాటివల్లే. వేడిని ఈ కొస నుంచి ఆ కొసకు మోసేది కూడా ముఖ్యంగా అవే."

"మనింట్లో గొడుగులాగన్నమాట. ఎవరు కొన్నారో ఎవరికీ తెలీదు, వానొస్తే ఎవరికి దొరికితే వాళ్ళది. అయితే మీ నాన్న చెయ్యి కాల్చింది ఈ గొడుగులేనన్నమాట!"

పిల్ల ఫక్కున నవ్వింది. "సరిగ్గా చెప్పారండీ."

చెప్పారట! సుత్తి వచ్చి వేలి మీద పడ్డంత పనయింది సొట్టలమ్మకు. అయినా పిల్ల నిలబడి మాట్లాడుతోంది కదా, వెళ్ళనివ్వబుద్ధి కాలేదు. "మరి కొడుతూనే ఉంటే రాగి మొండికేస్తుందెందుకు?" అని అడిగింది.

"కొట్టినకొద్దీ వరసలు జరిగి జరిగి ఒకదానికొకటి అడ్డం పడతాయండీ. బస్సు గుమ్మంలో జనం ఇరుక్కున్నట్టు. ఇంక జరగడానికి చోటుండదు. అప్పుడూ వదలకుండా కొడితే పగులుతుంది. కాలిస్తే మళ్ళీ అన్నీ సర్దుకుంటాయి."

"కాల్చి, నీళ్ళలో ముంచితే."

"నీళ్ళకేం సంబంధం లేదండీ. మెత్తబరిచేది నిప్పే. నీళ్ళు ఊరికే చల్లార్చడానికి."

ఇది మాత్రం సొట్టలమ్మకు మింగుడుపడలేదు. తాతల నాటి తొట్టిని పట్టుకుని సంబంధం లేదంటుందా! "చదవేస్తే ఉన్నమతి పోయిందని ఊరికే అన్నారా?" అంది పైకే, ఇప్పుడైనా కోపం రాకపోతుందా అని. "కావచ్చండీ" అని నవ్వుతూ వెళ్ళిపోయింది పిల్ల. కొట్టినకొద్దీ మొండికేసేది రాగి ఒక్కటే కాదు అనుకుంది సొట్టలమ్మ.

కొన్నాళ్ళకు మిఠాయి కొట్టు నుంచి రాగి బాణలి వచ్చింది. పసిపిల్లకు అందులో స్నానం చేయించొచ్చు, అంత ఉంది. పాకానికి రాగే కావాలి. అడుగంతా ఒకేలా వేడెక్కుతుంది, ఒక మూల మాడి ఇంకో మూల పచ్చిగా ఉండదు. అలాంటి దాన్ని పనివాళ్ళు మెట్ల మీంచి దొర్లించి అడుగున పెద్ద సొట్ట తెచ్చారు. సొట్టలమ్మ కొట్టింది, కొట్టింది, సగం దారికొచ్చాక బాణలి మొండికేసింది. సుత్తి ఎగిరి వస్తుంటే మణికట్టుకు తెలిసిపోయింది. కాల్చాలి. సరిగ్గా అప్పుడే మిఠాయి కొట్టాయన ఊడిపడ్డాడు. "ఇంకా కాలేదా?"

సొట్టలమ్మకు ఒళ్ళు మండింది. "ఇదిగో, దీన్ని కాస్త కాల్చి మెత్తబరిచి పెట్టు, ఈయన సంగతి తేల్చి వస్తా" అని మొగుడి మీదికి బాణలి తోసి, కొట్టాయన వైపు తిరిగింది.

కమ్మరాయన తన అరచెయ్యి ఒకసారి చూసుకున్నాడు. పాత బొబ్బ గుర్తొచ్చింది. అయినా పెళ్ళాం నోరు తెరిచి అడిగిన సాయం. పెద్ద పటకారుతో పట్టి, తిప్పి తిప్పి, ఎర్రబడేదాకా కాల్చాడు. తొట్టి వైపు చూశాడు. మెత్తబరచమంది కదా, ముంచితే గట్టిపడి చావదూ? ఆయన జన్మలో ఉక్కును మెత్తబరచాలంటే కాల్చి నెమ్మదిగా ఆరబెట్టాడే గానీ నీళ్ళలో పెట్టలేదు. ఆవిడ రోజూ ముంచడం చూస్తూనే ఉన్నాడు. ఆవిడ చేసేది తప్పే అయినా, రాగి మంచిది కాబట్టి సర్దుకుపోతోందని ఆయన నమ్మకం. అందుకని ఎంతో ప్రేమగా, ఒక్క చుక్క నీరు తగలనివ్వకుండా, బాణలిని తెచ్చి ఆవిడ పీట పక్కన బోర్లించి తన గునపం దగ్గరికి వెళ్ళిపోయాడు.

నిప్పులోంచి తీసిన రాగి ఎరుపు చూస్తుండగానే పోతుంది. నల్లటి పొలుసు కట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. ముంచి ఉంటే సుయ్యిమనేది. ఆ సుయ్యి సొట్టలమ్మకు వినపడడం ఎప్పుడో మానేసింది, కాబట్టి వినపడలేదని ఆవిడకు అనుమానమూ రాలేదు. కొలిమి నుంచి తన పీట దగ్గరికి ఏదొచ్చినా తొట్టిలో మునిగే వస్తుంది, అది ఆవిడ రాజ్యాంగం. "మీ పనివాళ్ళు చేతులకు నూనె రాసుకుని పనిలోకొస్తారా ఏంటి?" అని కొట్టాయన్ని దులిపేస్తూ, ఆయన మొహం మీంచి చూపు తిప్పకుండానే, బాణలిని ఒళ్ళోకి లాక్కుందామని రెండు చేతులూ పక్కకు చాపింది.

అప్పుడే పిల్ల కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలో అడుగుపెట్టింది. ఆ షెడ్డులో పెరిగిన పిల్ల. తొట్టి దగ్గర్నుంచి పీట దాకా నేల మీద ఒక్క తడి చుక్క లేదు. బాణలి మీద గాలి అల్లల్లాడుతోంది.

"ఆగండి! ముట్టుకోకండి! అది చాలా వేడిగా ఉందండీ!"

అంత పొడుగు మర్యాద ఆ చెవి దాకా నడిచి వచ్చేసరికి చేతులు జానెడు దూరంలో ఉన్నాయి.

పిల్ల సంచీ విసిరికొట్టింది. "ఏయ్! చెయ్యి తియ్యి! ముట్టుకోకు!" అని గావుకేక పెట్టి, ఒక్క దూకున వచ్చి రెక్క పట్టుకుని గుంజింది. ఆ గుంజుడికి ఇద్దరూ పీటతో సహా వెళ్ళి బొగ్గుల కుప్పలో పడ్డారు.

"నీకసలు బుద్ధుందా? చెవులతో పాటు కళ్ళు కూడా పోయాయా నీకు? రెండు చేతులూ కమిలిపోయేవి! నీకేమన్నా అయితే నా గతేంటి? ఉన్న ఒక్క అమ్మ పోయింది. నువ్వు కూడా పోతే నేనెక్కడికి పోను, చెప్పు!"

అని బొగ్గుల్లో కూర్చుని భోరుమని ఏడ్చింది. మిఠాయి కొట్టాయన మెల్లగా మెట్లు దిగాడు. కమ్మరాయన గునపం పట్టుకునే వచ్చి, "మెత్తగా అవ్వాలందని నేనే..." అని నసిగాడు.

"నువ్వు మాట్లాడకు నాన్నా!"

సొట్టలమ్మ పడ్డచోటే కూర్చుంది. మోచెయ్యి గీరుకుపోయి నెత్తురొస్తోంది, ఆవిడకు పట్టలేదు. నీకు. నువ్వు. మళ్ళీ నీకు. నోట్లో బెల్లం ముక్క వేసుకున్నట్టు చప్పరిస్తోంది.

ఇంతలో పిల్ల తేరుకుంది. కళ్ళు తుడుచుకుని, "ఏదో కంగారులో నోరు జారాను, ఏమీ అనుకోకండి. మీకు దెబ్బ తగిలిందా అండీ?" అంది.

వచ్చిందమ్మా మళ్ళీ, దరిద్రపు అండీ! సొట్టలమ్మ చటుక్కున చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఏంటీ? వినపళ్ళా."

"దెబ్బ తగిలిందా అండీ?"

"అది కాదు. అంతకుముందు ఏదో అన్నావే, అది. మీ నాన్న విన్నాడు, కొట్టాయన విన్నాడు, నన్నన్న మాట నాకు తప్ప అందరికీ వినపడింది. ఇదెక్కడి న్యాయం? మళ్ళీ అను."

పిల్ల ఆవిడ మొహంలోకి చూసింది. మొహమంతా మసి, మసిలో కన్నీటి చారలు, వాటి కింద దాచుకోలేని దొంగ నవ్వు. చూడగా చూడగా పిల్లకు ఏదో వెలిగింది.

"తువ్వాలు... కూరలో ఉప్పు... టీ గ్లాసు... అవన్నీ ఇందుకేనా?"

"ఏంటీ? వినపళ్ళా."

"నీకు వినపడింది."

"లేదే."

"నీకు శుభ్రంగా వినపడింది!"

"ఇంకాస్త గట్టిగా అను, చూద్దాం."

పిల్ల ఆవిడ చెవికి నోరు ఆనించి, వీధి చివరిదాకా వినపడేలా, "నీకు బుద్ధి లేదూ!" అని అరిచింది. అరిచింది కుడి చెవిలో. అయినా వినపడింది.

బాణలి దాని మానాన అది చల్లారాక సొట్టలమ్మ సుత్తి వేసి చూసింది. ఒక్క చుక్క నీరు తగలకుండానే చక్కగా లొంగింది. "చెప్పానా?" అని పిల్ల కళ్ళెగరేసింది. "నేను చేసిందే రైటన్నమాట" అని కమ్మరాయన ఛాతీ విరిచాడు. ఆ పూట మాత్రం ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడు సొట్ట గిన్నె పట్టుకెళ్ళిన ప్రతి మనిషికీ సొట్టలమ్మ ఒకటే ఫిర్యాదు చేస్తోంది. "ఈ కాలం పిల్లలకు మర్యాదే లేదండీ. లెక్చరరైతే ఏం లాభం? నువ్వు, నీకు, అంతే. అమ్మని చూసి కాస్తయినా భయం లేదు."

ఆవిడ ఇంకా చెబుతూనే ఉంటుంది, లోపల్నించి కేక వినపడుతుంది. "అమ్మా, నువ్వు తిన్నావా లేదా?"

సొట్టలమ్మ సుత్తి ఆపుతుంది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటుంది.

"ఏంటీ? వినపళ్ళా!"