మా నాన్న ముట్టని రొట్టె

వేసవి మొదట్లో మా ఇంటి వెనక కొండవాలున కాఫీ మొక్కలకి చోటు చేయడానికి తుప్పలు కొట్టి కాలుస్తారు. పచ్చికొమ్మలూ ఎండుటాకులూ తేనెపట్టు తుంపులూ కలిసి కాలిన ఆ పొగ కిటికీలోంచి వచ్చి నేను చదువుకుంటున్న పుస్తకం మీద పరుచుకుంటుంది. మనవరాలు దగ్గుతూ కిటికీ వేయబోతే వద్దంటాను.

మొన్న మా క్రైస్తవ సంఘంవారు మందిరానికి పనిచేసిన పెద్దల గురించి చిన్న పుస్తకం వేశారు. మా నాన్నకి అందులో మూడు వాక్యాలు దక్కాయి. పెద్ద యుద్ధానికి వెళ్ళివచ్చిన సైనికుడు, జీవితాంతం మందిరంలో డీకను, పింఛను తీసుకునేదాకా పోలీసు ఉద్యోగి. మూడూ నిజాలే, అయినా చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. నేను మూడో తరగతి దాటి బడికి వెళ్ళలేదు గాని, అరకు శాఖా గ్రంథాలయంలోని తెలుగు పుస్తకాలు దాదాపు అన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు. ఎన్నో రాజ్యాల సంగతులు తెలిశాయి. మా కొండ మీది మనిషి ఒక్కడు కూడా ఎక్కడా కనిపించలేదు. ఎవరో ఒకరు రాయాలి, నా కళ్ళు పనిచేస్తున్నప్పుడే రాయాలి.

నేను పుట్టేసరికి నాన్న బస్రాలో ఉన్నాడట. గ్రంథాలయంలో అట్లాసు తీసి ఇరాకులో దాని పేరు చూసేదాకా బస్రా అంటే అనంతగిరికి అవతల ఎక్కడో జరిగే పెద్ద సంత అనుకునేదాన్ని. అక్కడినుంచి ఆయన ఒక ఉన్నికోటు, ఒక తగరపు మగ్గు, ఏడాదికి రెండుసార్లు తిరగబెట్టే జ్వరం తెచ్చుకున్నాడు. మిషను బడిలో నేర్చిన నాలుగు అక్షరాలు ఉండబట్టి పోలీసులో తీసుకున్నారు. తెల్లారకముందే లేచి చింతపండుతో ఇత్తడి బొత్తాలు తోమి, మంచు కమ్మిన వాకిట్లో కూర్చుని మోకాళ్ళదాకా ఖాకీ పట్టీలు చుట్టుకునేవాడు. ఆదివారం మాత్రం ఆ బట్టలు దండెం మీద వేసేసి, తెల్ల పంచె కట్టి మందిరం గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళకి చాపలు చూపించేవాడు. పటాలంలో హుకుం, మందిరంలో వాక్యం, స్టేషనులో చట్టం, ఈ మూడూ ఒకే దేవుడి మాటలని ఆయన నమ్మకం.

గెడ్డ వాగుకి అవతల మా పెదనాన్న ఇల్లు. ఆయన మందిరంలోకి రాలేదు, పాత దేవతల్నే కొలిచేవాడు, ఆ ఊరికి పెద్ద. నా చిన్నతనమంతా ఆ రెండిళ్ళ మధ్య గెడ్డలో తడుస్తూనే గడిచింది. వానాకాలంలో అడ్డాకులు కుట్టిన గొడుగు కింద పీతలు పట్టడం, చలికాలంలో నడుము లోతు వలిసపూలలో దాగుడుమూతలు ఆడి ఒళ్ళంతా పసుపు అంటించుకుని రావడం, క్రిస్మసుకి మా అమ్మ వండిన బెల్లపు పరమాన్నం పెదనాన్న పిల్లలు గిన్నె నాకి పెడితే, చైత్రంలో ఇటుకల పండగకి ఆ ఇంట మామిడికాయలూ కొత్త కందికాయలూ చోడి అంబలీ మేము కడుపు పట్టలేనంత తినడం. ఆ పండగకి ఊరు ఊరంతా చేతులు పట్టుకుని థింసా ఆడుతుంటే నాన్న ఆడకుండా పక్కన నిలబడేవాడు, బూటు ముందుభాగం మాత్రం దరువుకి లేచి పడుతుండేది. పెదనాన్న ఊరుకునేవాడు కాదు.

"ఒరే తమ్ముడా, కాళ్ళకి ఆ గుడ్డలేటి, పుండ్లేటి? ఇలా రా, పసరు రాత్తాను."

"పసరు నీ మేకకి రాయన్నా. సర్కారోడి కాలు నీకెందుకు?"

పోడు కాల్చడంలో ఆ ఊరికొక ఆచారం ఉండేది. కొట్టిన తుప్పలు ఎండాక ఎవరికి వారు అంటించకూడదు. ఊరిపెద్ద స్నానం చేసి, కోడిని కోసి, కొండకి మొక్కి, ఒక మూల తొలినిప్పు పెట్టాలి. ఆ నిప్పులోంచి పదహారు గడపలవాళ్ళూ తలో కొరివీ తీసుకుపోయి ఎవరి నేలచెక్క వాళ్ళు కాల్చుకోవాలి. నాకు ఎనిమిదో ఏడు వచ్చేసరికి కొండ సగానికి అడ్డంగా అడవిశాఖవారి సున్నపురాళ్ళు వెలిశాయి. రాళ్ళకి పైన కాల్చకూడదన్నారు. తాతలనాటి నుంచి అంతకు ముందేడాది వరకూ కాల్చుకున్న కొండ కనుక, పెదనాన్న ఎప్పటిలాగే తొలినిప్పు పెట్టాడు. మూడోనాడు గార్డు వచ్చి ఎవరు కాల్చారని అడిగితే ఊరంతా ఆయన వైపు చూసింది. కేసు రాశారు. కోర్టుకి తీసుకెళ్ళే పని నాన్న మీద పడింది.

బయలుదేరే ముందు వాళ్ళిద్దరూ పెదనాన్న అరుగు మీద కూర్చున్నారు. నేను పెద్దమ్మ పక్కన సామలు చెరుగుతున్నాను.

"కోర్టులో ఏటి సెప్పాలిరా?"

"ఉన్నదున్నట్టు సెప్పన్నా. అబద్ధమాడినోడికే దొరంటే బయం."

"నాను అబద్దమెప్పుడాడినాను?"

పెద్దమ్మ చేట కింద పెట్టేసింది. "ఊళ్ళోవాళ్ళు పైకొండకి పారిపొమ్మంతన్నారు మరిదీ. బేగి ఎల్తే ఎవుడికి దొరుకుతాడు?"

"పారిపోతే దొంగవుతాడొదినా. నిజం సెప్తే జరిమానా ఏసి ఒగ్గేత్తారు. నాది పూచీ."

నాన్న బేడీలు వేయలేదు. అన్నదమ్ములిద్దరూ ఒక బుట్టలోంచే చిలకడదుంపలు తింటూ రెండు రోజులు నడిచి కొండ దిగారట. వాళ్ళ వెంట నడిచిన ఊరివాడు, గెమ్మిలి సన్యాసి అనే ఆయన, చాలా ఏళ్ళ తరవాత నాకు కోర్టు సంగతి చెప్పాడు. నిప్పు ఎవరు పెట్టారని అడిగితే పెదనాన్న నిటారుగా నిలబడి, "నా సెయ్యే. నాను పెట్టకుండా ఇంకెవుడు పెడతాడు?" అన్నాడు. కొండంతా నువ్వే కాల్చావా అంటే, "తొలినిప్పు నాదైతే కొండంతా నాదే గదా" అన్నాడు. ఆయన దృష్టిలో అది పెద్దరికం. గుమాస్తా దాన్ని ఒప్పుకోలుగా రాసుకున్నాడు. పదహారు గడపల పోడు ఒక్క మెడకి చుట్టుకుంది. తొలినిప్పు అంటే ఏమిటో ఆ గదిలో దొరకి విప్పి చెప్పగలవాడు ఒక్కడే, తలుపు పక్కన అటెన్షన్‌లో నిలబడ్డ మా నాన్న. అడగనిదే జవాను నోరు విప్పకూడదని పటాలంలో నేర్చుకున్నాడు. విప్పలేదు. తొమ్మిది నెలల జైలు వేశారు.

మా కొండ చలిలో పెరిగిన మనిషి మైదానపు ఉక్కకి మూడు నెలలు ఆగాడు. జ్వరంతో పోయాడని కాగితం మొదట నాన్న పనిచేసే స్టేషనుకే వచ్చింది. దాన్ని చదవవలసినవాడూ, గెడ్డ దాటి తీసుకెళ్ళి ఒదినెకి చెప్పవలసినవాడూ ఆయనే. వానలో వెళ్ళి వానలోనే తిరిగివచ్చాడు. ఏం జరిగిందని అమ్మ అడిగితే, "సెప్పొచ్చాను" అని మాత్రం అన్నాడు.

ఆ తరవాత నెల మొదటి ఆదివారం, ఏసు పేరిట అందరూ రొట్టె పంచుకునే ప్రభువు బల్లకి నాన్న ఎప్పటిలా రొట్టెపళ్ళెం పట్టుకుని చాప చాపకీ వంగాడు. చివర పళ్ళెం బల్ల మీద పెట్టేసి వచ్చి నిలబడ్డాడు. తాను తీసుకోలేదు. వడ్డించేవాళ్ళకి మిగలదేమో అనుకున్నాను. మరుసటి నెలా అంతే, ఆ మరుసటి ఏడూ అంతే. నాకు పదమూడో ఏట పాస్టరుగారు మా ఇంటికి వచ్చి మెల్లగా అడిగారు. వంటింట్లో పొయ్యి ఊదుతున్న నాకు నాన్న గొంతు వినిపించింది.

"తోబుట్టువుతో సమాధానపడ్డాకే బల్ల కాడికి రావాల గదండీ. నాను ఏ దారంట ఎల్లి సమాధానపడను?"

పాస్టరుగారు మజ్జిగ తాగకుండానే వెళ్ళిపోయారు.

ఉద్యోగమైనా మానేయొచ్చు కదా అని పెళ్ళయ్యాక ఒకసారి అడిగేశాను. "నాను మానితే ఇంకొకడొత్తాడు, ఆడు బేడీలేసి నడిపిత్తాడు" అన్నాడు. హెడ్డు కానిస్టేబులుగా పింఛను పుచ్చుకున్నాడు. పళ్ళెం పట్టుకునే ఓపిక పోయేదాకా పట్టుకున్నాడు. ఆయన రొట్టె ముట్టగా నేను చూడలేదు.

ఇప్పుడు ఆ కొండ మీద కాఫీతోటలున్నాయి, సిల్వరోకు చెట్లున్నాయి, సెలవులకి వచ్చి ఫోటోలు తీసుకునేవాళ్ళున్నారు. పెదనాన్న పోయిన మరుసటేడు ఆ ఊళ్ళో తొలినిప్పు పెట్టడానికి ఎవరూ ముందుకి రాలేదు, ఎవరి చెక్క వాళ్ళు దొంగచాటుగా కాల్చుకున్నారు. కొండకి మొక్కేటప్పుడు ఆయన అనే మాటలు తెలిసినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. అటవీ చట్టం పుస్తకం మాత్రం తెప్పించుకుని చదివాను. అందులో నేరం ఉంది, శిక్ష ఉంది, తొలినిప్పు లేదు.

ఆ పుస్తకం పట్నం నుంచి తెప్పించి ఇచ్చిన లైబ్రేరియను సత్యవతిగారికి, కోర్టు సంగతి దాచుకోకుండా చెప్పి పోయిన గెమ్మిలి సన్యాసికి, నా గీతల్ని శుభ్రంగా తిరగరాసిన మనవరాలు రూతుకి నా కృతజ్ఞతలు. చివరగా పెద్దమ్మ కూతురు సోంబరి. ఆమెకి ఇదంతా చదివి వినిపించి, మీ అమ్మ మా నాన్నని తప్పు పట్టిందా అని అడిగాను.

"పట్టింది. సచ్చినదాకా పట్టింది."

"మరి ఏటేటా కొత్త పంట మా ఇంటికి పంపేది కదా?"

"పంపేది. కోపం కోపమే, మరిది మరిదే."

ఈ మాట నాన్న ఉండగా ఆయన చెవిన పడలేదు. నాకు తీపిగా అబద్ధం చెప్పి పంపడం సోంబరికి తేలికే, చెప్పలేదు. అందుకు ఆమెకి మరీ మరీ కృతజ్ఞతలు.