గణపతిరావు గారి చావు కబుర్లు

గణపతిరావు గారికి ఒకే ఒక్క జబ్బు. శిష్యుల్ని చంపేసి, ఆ కబురు స్వయంగా వాళ్ళింటికి మోసుకెళ్ళి చెప్పేవారు.

1972లో మొదటిసారి గంగాభవాని గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడి, "అమ్మా, మీ ఆయన పోయేడు. పదింబావుకి, కొండని గుద్దీసి" అన్నారు. ఆవిడ చేతిలో చేట జారిపోయింది. గొల్లుమంటూ వీధిన పరిగెత్తింది. తీరా చూస్తే మొగుడు పరదేశి గణపతిరావు గారి పెరట్లోనే టీ తాగుతున్నాడు!

పరదేశి విశాఖ రేవులో నేవీ పడవ నడిపేవాడు. పడవవాళ్ళకీ వైర్‌లెస్ వాళ్ళకీ విమానం పని నేర్పుతామని పైనుంచి ఆర్డరొచ్చింది. ముందు పరీక్ష. అదీ నేల మీదే ఉండి విమానంలా ఊగే ఉత్తుత్తి పెట్టెలో. తప్పితే జన్మంతా పడవే. అందుకని నెల సెలవు పెట్టి, వైర్‌లెస్ కృష్ణంరాజుని వెంటేసుకుని సొంతూరు చోడవరం వచ్చేశాడు. ఎయిర్‌ఫోర్స్‌లో ఇరవయ్యేళ్ళు అలాంటి పెట్టె మీదే పాఠం చెప్పి, రిటైరై ఆ ఊళ్ళోనే ఉంటున్న గణపతిరావు గారు, తన పెరట్లో పాత చెరకుబండి మీద రెండు కుర్చీలు బిగించి, ముందు దుప్పటి కట్టి విమానం తయారుచేశారు.

మర్నాడు గంగాభవాని కళ్ళారా చూసింది. "మబ్బు కమ్మీసింది!" అంటూ ఆయన బండి కాడి పట్టుకుని ఊపేశారు. పరదేశి, మంచు కమ్మితే పడవ ఆపే అలవాటుకొద్దీ, ఇంజను ఆపేశాడు.

"ఒరే, ఆపీసి ఏటి సేస్తావు? గాల్లో లంగరేస్తావా?"

వెనక కృష్ణంరాజు తలెత్తకుండా టకటకా కొడుతూనే ఉన్నాడు.

"కొండొచ్చీసింది, సూడు బాబూ!"

"మెసేజీ సగంలో ఉందండీ."

"పోయేరు. ఇద్దరూ టీ తాగండి." వెంటనే టోపీ తీసి గంగాభవాని వైపు తిరిగారు. "అమ్మా, మీ ఆయన..."

"సూస్తన్నాను కదండీ!"

ఇరవయ్యారు రోజుల్లో పరదేశి నలభయ్యొక్కసారి పోయాడు. గంగాభవానికి ఒళ్ళు మండిపోయింది. "రోజూ నా తాళి తెంపడానికి మీకు నోరెలాగొస్తందండీ?"

ఆయన టోపీని చేతుల్లో తిప్పుతూ కూర్చున్నారు. "నేను నేర్పినోళ్ళు ముగ్గురు నిజంగానే పోయేరమ్మా. ఆ కబుర్లు నేనే మోసేను. ఇంకోటి మొయ్యలేను. ఈడు సావాల్సిన సావులన్నీ నా పెరట్లోనే సచ్చీయాల. ఇంట్లో తిట్లు తింటే తప్పు మళ్ళీ సెయ్యడు."

ఆ రోజు నుంచి గంగాభవాని, పోయిన ప్రతిసారీ మొగుణ్ణి మనసారా తిట్టింది.

పరీక్ష మర్నాడు ఆయన మళ్ళీ గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. చేతిలో టోపీ, టెలిగ్రాం. కళ్ళనిండా నీళ్ళు.

"ఏటయిందండీ? నిజంగా పోయేడా?"

"మబ్బొచ్చిందట. ఇంజనాపలేదట. కొండని సూసి రాజు మెసేజీ ఆపేడట. ఇద్దరూ బతికేరమ్మా!" అని ముక్కు చీదారు. "ఈ కబురెలా సెప్పాలో నాకు అలవాటు లేదు."

"రండి," అంది గంగాభవాని, పొయ్యి వైపు నడుస్తూ. "బతికినోళ్ళకి కూడా టీ ఇస్తారు."