బెర్నడీన్ మిషన్, లియో సంతకం

మా చర్చి నూరేళ్ళ పుస్తకానికి బెర్నడీన్ హూడాక్ గురించి నాలుగు ముక్కలు రాసిమ్మని ఫాదర్ అడిగారు. ఆమె నాకు ఆడబిడ్డ, మా ఆయన యూజీన్‌కి సొంత చెల్లెలు. ఆమెను చూస్తే నాకు ఒళ్ళు మంట. అది ముందే చెప్పేస్తే మిగతాది రాయడం తేలిక.

ఈ బొగ్గుగనుల ఊళ్ళో పుట్టిన ఆడపిల్లలందరిలాగే ఆమె కూడా ఎనిమిదో ఏట చర్చి నేలమాళిగలో పిరోగీల బల్ల దగ్గరికి వచ్చింది. పిండిని గుండ్రంగా కోసి, మధ్యలో బంగాళాదుంప, చీజు ముద్ద పెట్టి, మడిచి అంచు నొక్కాలి. ఈస్టర్ ముందు ఉపవాసాల్లో శుక్రవారం ఎవరూ మాంసం ముట్టరు కాబట్టి ఊరంతా మా దగ్గరే కొంటుంది. నేను కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి ఇద్దరం ముప్ఫై ఏళ్ళు పక్కపక్కనే నిలబడి నొక్కాం. నేను నొక్కిన అంచు మరిగే నీళ్ళలో ఒక్కనాడూ విడిపోలేదు. ఆమెవి డజనుకి రెండు నోళ్ళు తెరిచేవి. కావాలంటే ఎవర్నైనా అడగండి.

అలాంటి మనిషి పాత చెప్పుల కొట్టు తీసుకుని పిరోగీల దుకాణం పెట్టింది. పెట్టిన నెలకే గుమ్మం బయట వరస. ఆ వరసలో మా ఆయన కూడా!

మూడో ఏడు ఆమెకు ఒక పెద్ద కిరాణా కొట్టు నుంచి బేరం వచ్చింది. ఉపవాసాల మొదటి శుక్రవారానికి సరుకు అందించాలి, లేకపోతే బేరం ఇంకొకరికి పోతుంది. చేత్తో అయ్యే పని కాదు. పిరోగీలు మడిచి నొక్కే మిషన్ కావాలి. దాన్ని లీజుకిచ్చే కంపెనీ ఒకటుంది. ఐదేళ్ళు నెలనెలా అద్దె, చివర్లో ఒక్క డాలరు ఇస్తే మిషన్ మనదే.

ఆ కంపెనీ దరఖాస్తు కాగితం నాకు కొత్త కాదు. అంతకు రెండేళ్ళ ముందు నేనూ అదే తెప్పించుకున్నాను. అడుగున "హామీదారు" అని ఒక గీత ఉంటుంది. యూజీన్ టిఫిను తింటుంటే పళ్ళెం పక్కన పెట్టాను. మా ఇళ్ళల్లో ఏ కాగితమైనా మొగుడి పళ్ళెం పక్కకే చేరుతుంది, మా అమ్మ కూడా అలాగే పెట్టేది.

"చేతులున్నాయిగా, మిషనెందుకే?" అని దాని మీదే కాఫీ కప్పు పెట్టాడు. గుండ్రంగా మరక పడింది. తీసి సొరుగులో పడేశాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఈవిడ బల్ల దగ్గర అందరూ వినేలా ఏమందో తెలుసా?

"కంపెనీవాడు ఫోన్ చేసి మీ ఆయన సంతకం కూడా కావాలన్నాడు వదినా. కుదరదన్నాను. కొట్టు నాది, లెక్కలు నావి. లియోతో మీకేం పని అన్నాను."

నేను మొగుడి ముందు చేతులు కట్టుకుని నిలబడితే, ఈవిడ మొగుణ్ణి అడగనే అడగదట!

ఆ సాయంత్రమే ఆమె భర్త లియోని ఫైర్‌స్టేషన్ దగ్గర పట్టుకున్నాను.

"ఏం అన్నయ్యా, ఇంట్లో మగాడివి నువ్వుండగా కాగితాల మీద నీ పేరే లేదటగా? ఊళ్ళో నవ్వుకుంటున్నారు."

"ఎవరు నవ్వేది చెల్లెమ్మా?" అని ఉబ్బిపోయాడు పాపం.

మర్నాడు కంపెనీ మనిషి కాగితాల కోసం కొట్టుకి వచ్చేసరికి బెర్నడీన్ వంటింట్లో ఉంది. లియో ఆ గీత మీద సంతకం గీకి ఇచ్చేశాడు. మంచు తోసే లారీ కొని వాయిదాలు కట్టలేక బ్యాంకుకి వదులుకున్న మనిషి లియో. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. గుర్తులేదని రాస్తే ఫాదర్ దగ్గర ఒప్పుకోవలసిన పాపాల్లో ఇంకొకటి చేరుతుంది.

పది రోజులకి మిషన్ ఇవ్వలేమని జవాబొచ్చింది. నేనైతే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆమె కారణమేమిటో రాసివ్వమని కంపెనీకి ఉత్తరం పెట్టింది. అలా అడిగే హక్కు మనకుందట. "హామీదారు పాత వాయిదాలు సరిగా కట్టలేదు" అని వచ్చింది. దాన్ని పట్టుకుని లైబ్రరీలో ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ దగ్గరికి పోయింది. ఆడమనిషికి సొంతంగా అర్హత ఉంటే మొగుడి సంతకం తెమ్మనకూడదని అప్పుల చట్టంలో ఉందట, వ్యాపారానికి ఇచ్చే అప్పైనా అంతేనట.

కంపెనీవాడు ఒప్పుకోలేదు. "మేమిచ్చేది అప్పు కాదమ్మా, లీజు. ఆ చట్టం మాకు వర్తించదు."

"చివర్లో డాలరుకే నాదైపోతే అది అద్దెట్లా అవుతుంది బాబూ? వాయిదాల మీద అమ్మడమేగా!" అందట ఈవిడ. వాడుకుని తిరిగిచ్చేసే ఉత్త అద్దె గురించి కోర్టులు తలో మాటా చెప్పాయిగానీ, ఈ డాలరు బాపతుది అప్పు కిందికే వస్తుందని లాయరమ్మ ముందే చెప్పి పంపింది. కంపెనీ లియో పేరు కొట్టేసి, ఆమె లెక్కలు ఒక్కటే మళ్ళీ చూసింది. సరేనంది.

ఆ బుధవారం బల్ల దగ్గర ఆమె మెల్లగా అడిగింది. "వదినా, లియోని నువ్వే ఎగదోశావట?"

"అవును, ఎగదోశాను!" అని అరిచాను. పిండి చేతులతోనే. "నాకు దక్కనిది నీకెందుకు దక్కాలి? నీకంటే నా చెయ్యి మంచిది. యూజీన్ సంతకం పెట్టలేదు కాబట్టేగా నేనిక్కడే పడున్నాను!"

"అన్నయ్య సంతకం నిన్నెవరడిగారు?"

"కంపెనీవాళ్ళు."

"ఎవరు? ఫోన్ చేశారా, ఉత్తరం రాశారా?"

ఎవరూ చెయ్యలేదు, రాయలేదు. ఆ కాగితం నేను ఎవరికీ పంపనేలేదు. "హామీదారు" పక్కన చిన్న అక్షరాలతో "ఉంటే" అని ఉంది. అది చదివి కూడా యూజీన్ పేరు పెన్సిల్‌తో నేనే రాసి, నేనే పళ్ళెం పక్కన పెట్టాను. నన్ను కాదన్న కంపెనీ ఏదీ లేదు. రెండేళ్ళు వాళ్ళని తిట్టుకుంటూ గడిపాను.

బెర్నడీన్ చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. నాలుగు తిట్లు తిట్టినా నాకు తేలిగ్గా ఉండేది.

మిషన్ వచ్చింది. మొదటి శుక్రవారం సరుకు వేళకి అందింది. ఆమె పిరోగీలు ఒక పెట్టె కొనుక్కొచ్చి తలుపేసుకుని ఉడకబెట్టాను. ఒక్క అంచైనా విడుతుందేమోనని గిన్నె ముందే కూర్చున్నాను. ఒక్కటీ విడలేదు.

సోమవారం సొరుగులోంచి నా కాగితం తీసి యూజీన్ పేరు రబ్బరుతో చెరిపాను. పేరు పోయింది, కాఫీ మరక పోలేదు. చివరికి సిగ్గు విడిచి దాన్ని పట్టుకుని ఆమె కొట్టుకే పోయి, పెన్సిల్ పేరు చెరిపిన చోటు చూపించి, ఇంకో కాగితం దొరుకుతుందా అని అడిగాను.

"నేను మిషన్ పెడితే నీ బేరాలన్నీ నా దగ్గరికే వస్తాయి, చూసుకో," అని కూడా అన్నాను.

"రానీ వదినా. ఈసారి పెన్సిల్ వద్దు, పెన్నుతో రాయి," అంటూ కౌంటరు కింద నుంచి ఒకటి తీసిచ్చింది. బల్ల దగ్గర నేను అరిచిన మర్నాడే నా కోసం తెప్పించి ఉంచిందట.

నా ఒళ్ళు మళ్ళీ మండింది. తీసుకున్నాను.