బావగారి మోకాలి వెనక

వార్డులో అందరూ ఆవిడని పెద్ద సిస్టర్ అంటారు. ఎంత భారీ రోగినైనా ఒంటిచేత్తో పక్కకి తిప్పి పడుకోబెట్టగలదు. ఇప్పుడా చెయ్యే కొంప ముంచేలా ఉంది. నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయాయి. కూర్చుని చేసే పని కోసం కాళ్లలో, చేతుల్లో సిరల్ని స్కాన్ చేయడం నేర్చుకుంటోంది. పరీక్ష గట్టెక్కితే స్కాన్ గదిలో కుర్చీ, లేదంటే మళ్లీ వార్డే.

చూడ్డానికి సులువైన పనే. కాలికి జెల్ రాసి స్కాన్ యంత్రం పిడి, అదే ప్రోబ్, ఆనిస్తే తెర మీద నల్లటి గుండ్రాలు కనబడతాయి. కొట్టుకుంటున్నది ధమని. కాస్త నొక్కగానే కన్ను మూసినట్టు మూసుకునేది సిర. అది మూసుకోకపోతే లోపల రక్తం గడ్డకట్టిందేమో అనుకోవాలి. మన సిస్టర్ మాత్రం ప్రోబ్ ఆనించడమే పిండి పిసికినట్టు ఆనించేది. దాంతో సిర ముందే మూసుకుపోయేది. ఆనిస్తే చాలు, నొక్కొద్దని చెప్పీ చెప్పీ నేర్పే అమ్మాయికి నోరు నొప్పి పుట్టింది.

సాధనకి కాలు అరువిచ్చినవాడు అక్క మొగుడు. దర్జీ. చేతికున్నంత పని నోటికీ ఉంది. మొదటి రోజే తెర వంక చూసి, "ఏం మరదలా, నా కాల్లో నరమే లేదా? అయితే మీ అక్క నన్ను సరిగ్గా చూసి చేసుకోలేదన్నమాట" అన్నాడు.

ఆవిడ పట్టుబట్టి చెయ్యి తేలిక చేసుకుంది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. బావగారికి మోకాలి వెనక చక్కిలిగింతలు. బరువుగా ఆనిస్తే సిర మాయం, తేలిగ్గా ఆనిస్తే బావ మాయం.

పరీక్షనాడు కదలనని ఒట్టేసి బోర్లా పడుకున్నాడు. ప్రోబ్ తగిలీ తగలగానే కాలు ఎగిరింది. జెల్ వెళ్లి పరీక్ష పెట్టే డాక్టరు కళ్లద్దాల మీద పడింది. ఆయన తాపీగా తుడుచుకుని, ఇంకొక్కసారి చూస్తాననీ, అదే ఆఖరనీ చెప్పాడు.

"నీ మామూలు చెయ్యే వెయ్యవే తల్లీ. అది పడితే నాకు నవ్వు రాదు, ఏడుపొస్తుంది" అని గొణిగాడు బావ.

సిస్టర్ చిటికెన వేలి వైపు అరచేతి అంచుని పిక్క మీద మోపి, రోగిని తిప్పేటప్పటి బరువంతా అక్కడ వేసింది. కాలు మంచానికి అతుక్కుపోయింది. ఆ ఆసరాతో వేళ్ల చివర ప్రోబ్‌ని ఊరికే తాకించింది. గుండ్రాలు తేలాయి. నొక్కితే సిర మూసుకుంది, వదిలితే తెరుచుకుంది. అలాగే చీలమండ దాకా దిగింది.

డాక్టరు తెర మీంచి చూపు ఆవిడ చేతి మీదికి మార్చాడు. "అంత బరువెందుకమ్మా?"

"అది మా బావకండీ. నరానికి కాదు."

ఆయన పాసైనట్టు సంతకం పెట్టి, ఆ పట్టు మళ్లీ చూద్దామని రెండో కాలు కూడా చూపించమన్నాడు. బావ తనే పంట్లాం పైకి మడిచాడు.