ఏం కావాలి?

వీధిలో ధర్నా శిబిరం వెలిసినప్పటినుంచీ వాచీలు బాగుచేసే పెద్దాయన ఇంట్లోనే ఇరుక్కుపోయాడు. ఆయన స్కూటరు గుడారం తాళ్ల వెనక చిక్కింది. కిటికీ మూస్తే ఉక్క, తీస్తే మైకు. "పనీపాటా లేని జనం! అరిస్తే ఇచ్చేస్తారా?" అని, కంటికి భూతద్దం బిగించుకుంటూ రోజూ గొణుగుతాడు. "ఏం కావాలి?" అని మైకు అడగడం, "న్యాయం కావాలి!" అని గుడారమంతా గొంతెత్తడం, ఆ అదురుకి ఆయన పట్టకారులోని మర ఎగిరి మంచం కిందికి దొర్లడం. నిన్నా అలాగే పాక్కుంటూ మంచం కింద దూరి వెతుకుతుంటే, వంటింట్లోంచి భార్య కేకేసింది.

"మధ్యాహ్నానికి ఏం కావాలి?"

"న్యాయం కావాలి!" అనేశాడు తడుముకోకుండా.

గరిటె చప్పుడు ఆగింది. ఆవిడ గుమ్మంలోకొచ్చి, మంచం కింద నుంచి బయటికి కనిపిస్తున్న ఆయన పాదాలకేసి చూసింది.

"నేనెప్పుడూ అరవలేదు కదండీ. ఇచ్చారా?"

మర చేతికి దొరికింది. అయినా పెద్దాయన బయటికి రాలేదు.