కంప్లైంట్ లేని కంపెనీ
జురాంగ్ వెస్ట్ పేటలో ఖదీజా ఆంటీ నడిపేది కంపెనీయో ధర్మసంస్థో ఎవరికీ అంతుపట్టదు. సాఫ్ట్‌వేర్ జోరు మీదున్న రోజులు. ఆఫీసులు వద్దనుకున్న కంప్యూటర్లను కొని, ఉద్యోగాలు ఊడిన యాభై దాటినవాళ్ల చేత బాగుచేయించి అమ్ముతుంది. మిగిలిన కాస్త లాభమూ ఇంకొకరికి పని ఇవ్వడానికే పోతుంది. బ్యాంకువాళ్లు ఇదేం కంపెనీ అంటారు, దాతలు ఇదేం ధర్మం అంటారు. "చారిటీ కాదు బాబూ, కంపెనీయే" అని రోజుకు పదిసార్లు చెబుతుంది. అలా చెప్పేటప్పుడల్లా కళ్లద్దాలు తీసి దుపట్టా అంచుతో తుడుచుకుంటుంది. ఆ కాసేపు ఎదుటివాళ్ల మొహం కనబడదు, అదే ఆవిడకు కావలసింది. సాయంత్రం ఆవిడ తిరిగి రాగానే, రిపేరు బల్ల దగ్గర పనిచేసే లిమ్ అంకుల్ తలెత్తి "గాట్ కంప్లైంట్?" అని అడుగుతాడు. కంప్లైంట్లేవీ రాలేదని చెబితే ముసలాయన మొహం వెలిగిపోతుంది.

ఇవాళ వన్-నార్త్ ఆఫీసుల పేటలో, ఆర్నెల్ల కిందట ఇరవై కంప్యూటర్లు కొన్న ఆఫీసుకు మళ్లీ వెళ్లింది. "ఇంకో ఇరవై పంపండి ఆంటీ" అంటూ మేనేజర్ కౌశిక్, ఎక్కడ దింపాలో చూపించడానికి స్టోర్‌రూమ్ తలుపు తీశాడు. పాత ఇరవై పెట్టెలూ గోడవారన అలాగే ఉన్నాయి. లిమ్ అంకుల్ అంటించిన టేపు కూడా ఊడలేదు.

"వీటిని వాడలేదా, బాబూ?"

"వాడటానికి కాదాంటీ, మీకు సాయంగా ఉంటుందని."

రోజూ చెప్పే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అతనిచ్చిన ఆర్డరు కాగితం మడిచి సంచిలో పెట్టుకుని రైలెక్కింది.

బల్ల దగ్గర లిమ్ అంకుల్ తలెత్తాడు. "గాట్ కంప్లైంట్?"

"నో అంకుల్. నాట్ ఈవెన్ వన్," అంది ఖదీజా, కళ్లద్దాలు తుడుచుకుంటూ.